ఎడమ మూల

రేపల్లెలో ఒక కాలేజీ మైదానం. రెండువేల మూడు డిసెంబరులో ఒక సాయంత్రం. జిల్లా బాస్కెట్‌బాల్ ఫైనల్లో చివరి పావు ఆట సగానికి వచ్చింది. తెనాలి జట్టు బెంచీ మీద ముగ్గురున్నారు: కోచ్ సుబ్బారావు మాస్టారు, మోకాలు పట్టుకుని బయటికొచ్చిన సైఫుల్లా, ఇంతవరకూ ఆటలోకి దిగని అతని తమ్ముడు యాసిన్.

"ఎవడికిచ్చాడురా బంతి? ఎవడికి?"

"ఎవరికీ కాదు సార్. ఎడమ మూలకు విసిరాడు."

"ఎడమ మూలలో ఎవడున్నాడని?"

"ఎవడూ లేడు సార్. అక్కడుండేవాణ్ణి నేను. ఇక్కడ కూర్చున్నాను."

"నవ్వకు సైఫుల్లా."

"నవ్వడం లేదు సార్. మోకాలు సలుపుతోంది. సలుపుకీ నవ్వుకీ నా మొహం ఒకలాగే ఉంటుందని మా అమ్మ కూడా అంటుంది."

"రింగు కింద ఒక్కడే ఉన్నాడు. చుట్టూ బాపట్లవాడు ఒక్కడు లేడు. చెయ్యెత్తితే చాలు! ఎత్తాడా? లేదు. తల తిప్పాడు, ఖాళీ మూలకేసి గిరాటేశాడు. బంతి పోయి సోడాబండి కింద దూరింది. ఒరేయ్ అనుదీప్! కెప్టెనువిరా నువ్వు! అవి కళ్ళా, గోలీకాయలా?"

"అనుదీప్‌ని అని ఏం లాభం సార్."

"నువ్వెవడివిరా మధ్యలో?"

"యాసిన్ని సార్."

"నీ పేరడిగానా?"

"కాదు సార్… రింగుకేసి ఎవడు విసిరినా పది రౌండ్లు పరిగెత్తించింది మీరే కదా సార్. రెండేళ్ళుగా బంతి దొరికితే ఎడమ మూల, దొరికితే ఎడమ మూల. వాళ్ళ చేతులకు ఇంకో దారి తెలీదు."

"తెలీదు కాబట్టే ఫైనల్‌కొచ్చాం. నువ్వప్పుడు చిన్నవాడివి, నీకేం తెలుసు? మొదటిసారి బాపట్ల తీసుకెళ్ళాను వీళ్ళని. మన గ్రౌండులో కళ్ళు మూసుకుని వేసే వీరులు, అక్కడ ఒక్కడికి పడితే ఒట్టు! అన్నీ రింగు ముందు కమ్మీకి టంగున తగలడం, టంగున తిరిగి రావడం. గుడిగంటలు కొట్టినట్టు కొట్టారు. జనం లేచి నిలబడి నవ్వారు. పడింది ఎవడివి? మీ అన్నవి. ఒక్కడివి! ఆ రోజు బస్సెక్కేటప్పుడే నిర్ణయించుకున్నాను. వేసేవాడు ఒకడు, ఇచ్చేవాళ్ళు నలుగురు. అంతే. అవునా కాదా సైఫుల్లా?"

"అవును సార్."

"పుట్టుకతో రావాలిరా అది. చేబ్రోలు దాటితే మిగతావాళ్ళకి చేతులు చచ్చుబడతాయి. వీడికి పడవు."

"మీరే అనాలి సార్ ఆ మాట."

"అసలు వీణ్ణి చూసి నేర్చుకున్నార్రా మీరు? ఏ ఊరెళ్ళినా మీరంతా టిఫిన్ల మీద పడతారు. వీడు బూట్లైనా వేసుకోకుండా తిన్నగా పోయి రింగు కింద నిలబడతాడు. తలెత్తి అలా చూస్తాడు. పొద్దున ఇక్కడా అంతే. మొక్కుకుంటావా ఏంట్రా?"

"అలవాటు సార్. ఊరికే చూస్తాను."

"అదీ భక్తంటే. అయ్యో, అయ్యో… అదుగో! మళ్ళీ మూలకే! టైమవుట్! రిఫరీగారూ, టైమవుటండీ, తెనాలికి! రండ్రా ఇటు. అనుదీప్, నువ్వు ముందు రా. దగ్గరికి రా. చెంప అందడం లేదు."

"సార్, సార్… చూడకుండా విసిరేశాను సార్."

"మూడుసార్లా?"

"బంతి తగలగానే చెయ్యి అదే అటు పోతోంది సార్. నేను పంపడం లేదు, అదే పోతోంది."

"రింగుకి వెయ్యరా సన్నాసీ!"

"వెయ్యమంటారా? నిజంగానా సార్? మళ్ళీ రౌండ్లు…"

"రౌండ్లు లేవు, బొంగరాలు లేవు. వెయ్యి!"

"పడకపోతే?"

"పడదు. నీకు పడదని నాకు తెలుసు, నీకు తెలుసు, అదుగో, ఆ బాపట్లవాళ్ళకీ తెలుసు. అందుకే నిన్నొదిలేసి హాయిగా నిలబడ్డారు."

"మరి వెయ్యమంటారేంటి సార్…"

"ఏడవకు. మీసాలొచ్చాయి, ఏడవకు."

"సైఫుల్లా, రారా. పరిగెత్తక్కర్లేదు, ఎగరక్కర్లేదు. మూలలో ఊరికే నిలబడు. మేం ఇస్తాం, నువ్వు వెయ్యి."

"విన్నావా యాసిన్? మన కెప్టెను, కొల్లిపర చెంచురామయ్యగారి మనవడు, నన్ను బతిమాలుతున్నాడు."

"బతిమాలుతున్నాన్రా. కాళ్ళు పట్టుకోమంటే పట్టుకుంటాను."

"కుడిది పట్టుకో. ఎడమది ముట్టుకుంటే చస్తాను."

"ఎగతాళి చెయ్యకురా, అందరం పోతాం."

"మీ తోటకు పిలిచావు గుర్తుందా, సెమీస్ గెలిచినప్పుడు? అందరికీ లోపల ఆకులేశారు. నాకూ యాసిన్‌కీ వరండాలో. మంచినీళ్ళు కూడా వేరే చెంబుతో."

"మా నాయనమ్మ పాతకాలం మనిషిరా…"

"నువ్వే కాలం మనిషివి? నువ్వు లోపల కూర్చుని గారెలు తిన్నావు."

"ఇప్పుడా అది? ఇప్పుడా?"

"ఇప్పుడు కాక ఇంకెప్పుడు వింటావు? గెలిచాక వింటావా?"

"ఇక చాలించండి! విజిలేశాడు. పొండి లోపలికి. దేవదానం, నీకు నాలుగు ఫౌళ్ళయ్యాయి. ఇంకొకటైతే బయటికే. చేతులు దగ్గర పెట్టుకో. సీమోను, నువ్వు… నీకేం చెప్పినా దండగ. పొండి."

"సార్."

"ఏంటి యాసిన్?"

"దేవదానం బయటికొచ్చేస్తే నన్ను పంపుతారా సార్?"

"ఎందుకు, చప్పట్లు కొట్టడానికా? అవి ఇక్కణ్ణించే కొట్టు."

"నేను వేస్తాను సార్."

"ఏంటి వేసేది? గుడిసెకి తాటాకా?"

"బంతి సార్. రోజూ తెల్లారగట్ల ఫజర్ నమాజు అవగానే మన గ్రౌండుకెళ్ళి వేసుకుంటున్నాను. ఎండాకాలం నుంచి. పదేస్తే ఎనిమిది పడుతున్నాయి."

"అంటే రూలు తప్పి దొంగతనంగా వేస్తున్నావన్నమాట."

"ఎనిమిదా?"

"అవును భయ్యా. ఒక్కోరోజు తొమ్మిది."

"నాకు చెప్పలేదే."

"నవ్వుతావని చెప్పలేదు."

"నవ్వేవాణ్ణి. ఇప్పుడు కూడా నవ్వొస్తోంది. మనకి ఉన్నదే ఒక్క రింగు, రెండో బోర్డు చెదలు తినేసింది. తెల్లారగట్ల ఎవరూ లేనప్పుడు, ఎవరూ అడ్డం లేనప్పుడు, అలవాటైన రింగు. కోడిపుంజుకు కూడా ఎనిమిది పడతాయి."

"మన రింగంటే గుర్తొచ్చింది సైఫుల్లా. అది కిర్రుకిర్రుమంటోందని, మీ నాన్నతో నాలుగు చుక్కలు వెల్డింగు పెట్టించమన్నాను, పెట్టించావా?"

"పెట్టించాను సార్. ఎప్పుడో."

"నబీ సాహెబ్ చెయ్యి పడితే ఇక కదలదు. కోతిలా దానికి వేలాడటం మానమని నీకెన్నిసార్లు చెప్పానురా, ఊడిందంటే… అదుగో విజిలు! ఎవరిమీద? దేవదానం! అయిదోది. పో! బుద్ధి లేని వెధవ, అయిదోది తెచ్చుకున్నాడు!"

"సార్, నేను వెళ్తాను."

"ఆగు. ఎంతుంది టైము? రెండున్నర నిమిషాలు. వాళ్ళు అయిదు ముందున్నారు. సైఫుల్లా…"

"సార్, భయ్యాని వద్దు సార్. గుంటూరులో డాక్టరు ఏమన్నాడో మీకు తెలీదు."

"యాసిన్, నోరుముయ్."

"ముయ్యను భయ్యా. మోకాలి లోపల ఎముకల్ని పట్టి ఉంచే కట్టు సగం తెగిపోయిందన్నాడు సార్. ఇంకొక్కసారి మెలిపడితే మిగతాదీ పోతుందన్నాడు. జన్మలో తిన్నగా నడవలేడన్నాడు. అమ్మకు తెలీదు, అబ్బాకు తెలీదు, మాకిద్దరికే తెలుసు. అందుకే చెబుతున్నాను. నన్ను పంపండి."

"నాకు తెలుసు."

"ఏం తెలుసు సార్?"

"అదే. డాక్టరు నాకూ చెప్పాడు. నాకు ఎప్పట్నుంచో తెలిసినవాడు."

"మీకు తెలుసా సార్? తెలిసే పొద్దున నాతో బెణికిందన్నారా? స్ప్రే కొడితే పోతుందన్నారా?"

"తెలుసని పైకంటే నిన్ను ఆడనివ్వగలనా? అంటే… నువ్వు ఆడేవాడివా?"

"మేం మీ దగ్గర దాచాం. మీరు మా దగ్గర దాచారు. భలే ఉంది సార్."

"తర్వాత తిట్టుకుందాంరా. రిఫరీ ఇటే చూస్తున్నాడు. ఎవడో ఒకణ్ణి పంపాలి. యాసిన్, నిజంగా ఎనిమిది పడుతున్నాయా?"

"అల్లా మీద ఒట్టు సార్."

"ఎవరైనా చూశారా?"

"మసీదు నుంచి వచ్చే పెద్దాయన రోజూ నిలబడి చూస్తాడు. అడగండి కావాలంటే."

"ఆయన్నిప్పుడు తెనాలి నుంచి ఎక్కడ పిలవను. సరే. సరే, బనీను దోపుకో, వెళ్ళు…"

"సార్."

"ఏంటి సైఫుల్లా?"

"స్ప్రే ఇటివ్వండి."

"ఎందుకు?"

"ఇవ్వండి. పట్టీ కూడా. గట్టిగా కట్టండి, ఇంకా గట్టిగా."

"సలుపు?"

"తగ్గింది."

"ఎప్పుడు?"

"ఇప్పుడే."

"భయ్యా, వద్దు."

"ఎందుకు వద్దు? ముందు వరసలో టోపీ పెట్టుకుని కూర్చున్నాయన ఎవరో తెలుసా నీకు? రాష్ట్ర జట్టుకు ఏరేవాడు. తెలుసు కదా? తెలిసే కదా ఇంత ప్రేమ?"

"నేనాయన్ని చూడనే లేదు భయ్యా."

"అన్నకు కాలు పోతుందని ఏడుపు, అన్న చోటులోకి దూకాలని ఉరుకు. రెండూ ఒక్క నోటితోనే. సార్, విన్నారా?"

"విన్నాను, విన్నాను. అసూయరా వాడికి. చిన్నవాళ్ళకు ఉంటుంది. కూర్చో యాసిన్! సైఫుల్లా, నాయనా, బంగారం, మూలలో నిలబడు చాలు. నువ్వు లేకపోతే జట్టే లేదురా. నువ్వే జట్టు. వెళ్ళు."

"భయ్యా!"

"కూర్చోమన్నానా! చెయ్యి వదులు. ఎదురుగా నిలబడితే ఒక్కటిస్తాను. ఆ, అలా కూర్చో. చూడు, ఎలా నడుస్తున్నాడో చూడు. ఏమైనా కుంటుతున్నాడా?"

"కుంటుతున్నాడు సార్."

"లేదు."

"నేలను మునివేళ్ళతో తాకుతున్నాడు సార్, చూడండి."

"స్టయిలు. పోయాడు… మూలకు పోయాడు… అనుదీప్, ఇవ్వు! ఇచ్చాడు! చూశావా, కళ్ళు మూసుకుని ఇచ్చాడు, చేతిలో పడింది! ఇప్పుడు మూల ఖాళీగా లేదురా! వేశాడు… పడింది! కమ్మీ తాకలేదు! సుయ్యిమని పోయింది! యాసిన్, చప్పట్లు కొట్టు. కొట్టరా!"

"ఒంటికాలి మీద దిగాడు సార్."

"దిగనీ."

"మొహం చూడండి సార్."

"బంతిని చూడరా, మొహాన్ని చూస్తే ఏమొస్తుంది? మూడు పాయింట్లే తేడా. మళ్ళీ మనకే వచ్చింది బంతి. ఇవ్వు, ఇవ్వు, మూలకివ్వు! ఇద్దరు మీద పడ్డారు. వేశాడు… పడింది! ఒకటే తేడా! ఒక్కటి! ఒరేయ్ బాపట్లా, చూసుకోండ్రా! ఆ టోపీ ఆయన ఏదో రాసుకుంటున్నాడు, చూశావా?"

"సార్, టైమవుటు తీసుకోండి. ఒక్క నిమిషం కూర్చోనివ్వండి."

"లేవు. అయిపోయాయి."

"ఇంకొకటుంది సార్. నేను చూస్తూనే ఉన్నాను."

"నీతో నాకేంట్రా? ఆపితే వాడి ఒళ్ళు చల్లబడుతుంది. చల్లబడితే లేవడు. వేడి మీదుండగానే… అదుగో! సీమోను లాక్కున్నాడు! జన్మలో మొదటిసారి పనికొచ్చాడు! మూలకు! మూలకు! ఎన్ని సెకన్లు? అయిదు. ఎగిరాడు…"

"ఎగరొద్దు భయ్యా!"

"నెట్టారు! నెట్టారు! ఫౌలండీ! రిఫరీగారూ! ఇచ్చాడు, ఫౌలిచ్చాడు! రెండు త్రోలు! ఒకటి పడితే సమానం, రెండూ పడితే మనదే! అల్లా ఉన్నాడ్రా యాసిన్, ఉన్నాడు! సైఫుల్లా, లే! లేచి వెయ్యి! లేరా!"

"లేవడం లేదు సార్."

"లేస్తాడు."

"సార్, కాలు అటు తిరిగింది సార్. అటు తిరగకూడదు సార్ కాలు. సార్!"

"అరవకు. అరిస్తే భయపడతాడు. అనుదీప్! దేవదానం! ఎత్తండ్రా. మెల్లగా. ఇటు తీసుకురండి, బెంచీ మీద… కింద పడుకోబెట్టండి. సైఫుల్లా, నాయనా, రెండు త్రోలే. పరిగెత్తే పని లేదు. నిలబడి వేసేవే. నిలబెడతాం, అటొకడు ఇటొకడు పట్టుకుంటారు. రిఫరీగారూ, పట్టుకోవచ్చాండీ? ఏం? పట్టుకోకూడదా? మరి? ఓహో. ఓహో…"

"ఏమన్నాడు సార్?"

"పడ్డవాడి బదులు దిగినవాడే వెయ్యాలంట."

"మనకింకెవరున్నారు సార్?"

"నువ్వు, యాసిన్. నువ్వొక్కడివే మిగిలావు. ఏడుగురు ఆటగాళ్ళే కదరా వచ్చింది. దేవుడా, రెండేళ్ళ కష్టం తెచ్చి వీడి చేతిలో పెట్టావా! బనీను దోపుకో. కళ్ళు తుడుచుకో. నేనెళ్ళి స్కోరు బల్ల దగ్గర పేరు రాయించొస్తాను."

"భయ్యా, భయ్యా, నీళ్ళు తాగు. తల ఎత్తకు. ఆటో పిలుస్తున్నారు. ఆస్పత్రికి వెళ్దాం."

"యాసిన్."

"ఆఁ భయ్యా."

"చెవి ఇలా పెట్టు. సార్ వినకుండా."

"చెప్పు."

"వెయ్యకు."

"ఏంటి?"

"పడనివ్వకు. రెండూ."

"ఏమంటున్నావు భయ్యా? నొప్పికి ఏదేదో…"

"నొప్పికి కాదు. నా కాలు పోయింది. అది తెలుస్తూనే ఉంది నాకు. ఇప్పుడు నువ్వెళ్ళి రెండు వేశావంటే, రేపట్నుంచి నేనెవణ్ణి? యాసిన్ వాళ్ళన్న. కుంటివాడు. అబ్బా వెల్డింగు కొట్లో ఊరికే కూర్చునేవాడు. నేను లేకపోతే వీళ్ళు ఓడిపోవాలిరా. అందరూ చూస్తుండగా ఓడిపోవాలి. అప్పుడే నేను ఉన్నట్టు."

"సార్ ఏమైపోతాడు? అనుదీప్? దేవదానం?"

"వరండాలో తిన్నది మర్చిపోయావా?"

"మర్చిపోలేదు."

"మరి?"

"యాసిన్! రారా, రిఫరీ పిలుస్తున్నాడు! అన్నదమ్ములు ఉర్దూలో గుసగుసలు తర్వాత! మన గ్రౌండే అనుకో. తెల్లారగట్ల అనుకో. ఎవరూ లేరనుకో. ఎలా వేసేవాడివో అలాగే, మార్చకు, ఏమీ మార్చకు. అలాగే వెయ్యి."

"అలాగే సార్."

"పోయాడు. చూస్తున్నావా సైఫుల్లా? తల ఎత్తగలవా? సరే, నేను చెబుతాను. గీత దగ్గర నిలబడ్డాడు. బంతి నేలకు కొట్టాడు. ఒకటి, రెండు. నీలాగే కొడుతున్నాడ్రా. మోచెయ్యి కూడా నీలాగే. వేశాడు… టంగ్! ముందు కమ్మీ! ఛీ! పర్లేదు, పర్లేదు యాసిన్! ఇంకొకటుంది! ఇది పడితే సమానం! ఇంకో అయిదు నిమిషాలు ఆడొచ్చు! ఏంట్రా సైఫుల్లా, ఎందుకలా నా ప్యాంటు పట్టుకున్నావు?"

"ఎత్తి వేస్తున్నాడా సార్? చెయ్యి ఎత్తు మార్చాడా?"

"లేదు, అలాగే పట్టుకున్నాడు. నేను మార్చొద్దన్నాను కదా. వేశాడు…"

"సార్?"

"ఆగరా, ఇంకా గాల్లోనే ఉంది."

"సార్, చెప్పండి సార్."

"టంగుమంది. అదే కమ్మీ. అదే చోటు."

ఆట అయిపోయింది. జనం బాపట్లవాళ్ళను భుజాలకెత్తుకున్నారు. తెనాలి బెంచీ దగ్గర ఆటో కోసం ఎదురుచూస్తున్నారు.

"చెప్పానా! రెండేళ్ళుగా మొత్తుకుంటున్నానా! వీడు తప్ప ఎవడూ వెయ్యలేడని చెప్పానా లేదా! ఎనిమిదంట, ఒక్కోరోజు తొమ్మిదంట! మసీదు పెద్దాయన చూశాడంట! ఆయనకు శుక్లాలేమో అడిగావా?"

"తప్పయిపోయింది సార్."

"ఊరు దాటితే చేతులు చచ్చుబడతాయి మీకు. రక్తంలో లేదు. అన్న రక్తం వేరు, నీ రక్తం వేరు."

"సార్, భయ్యా కాలు…"

"చూశాను. అయిపోయింది. పాపం. బంగారం లాంటి చెయ్యి, ఏం లాభం? ఎడమ మూల ఖాళీ అయిపోయింది. వచ్చే ఏడాదికి మళ్ళీ ఒకణ్ణి వెతకాలి నేను. ఎక్కడైనా, ఏ ఊళ్ళోనైనా. ఒక్కడు చాలు. ఒక్కడు దొరికితే మిగతా నలుగురినీ కర్రలతో చేసుకోనైనా చేసుకుంటాను. ఆటో వచ్చేదాకా ఇక్కడే ఉండు, నేను బాపట్ల మాస్టారికి చెయ్యిచ్చొస్తాను. ఇవ్వకపోతే ఏడుస్తున్నాననుకుంటారు."

"వెళ్ళాడా?"

"వెళ్ళాడు భయ్యా. కాలు కదపకు."

"శభాష్ తమ్ముడూ."

"ఏంటి?"

"నా మాట నిలబెట్టావు. సార్ అన్ని మాటలంటున్నా నిజం బయటపెట్టలేదు. అమ్మ కడుపున పుట్టావు."

"నీ మాట వినలేదు భయ్యా."

"ఆఁ?"

"రెండూ వెయ్యాలనే వేశాను. గీత దగ్గర నిలబడి నీ మాట పక్కకు తోసేశాను. పడాలి, పడాలి అనుకుంటూ వేశాను. టోపీ ఆయన్ని కూడా చూశాను. పడలేదు. నాకు చేతకాదు భయ్యా. సార్ అన్నదే నిజం. ఇక బంతి ముట్టుకోను. నిన్ను మోసుకుని తిరుగుతాను, అంతే."

"ఏడవకు."

"ఎలా ఏడవకుండా ఉండను? పదికి ఎనిమిది పడేవి, ఒట్టు, అబద్ధం కాదు…"

"అబద్ధం కాదని తెలుసు. ఏడుపాపు. నీ చేతిలో ఏం లోపం లేదు. రింగులో ఉంది."

"ఇక్కడి రింగులోనా?"

"మన రింగులో. నేను వేలాడి వేలాడి ముందు కమ్మీ కిందికి వంచాను. రెండు వేళ్ళంత. కింద నిలబడి తలెత్తి చూస్తే కనిపిస్తుంది. కానీ తలెత్తి చూసేదెవరు? దానిమీద నేర్చుకున్నవాడు ఎక్కడికెళ్ళినా బంతి రెండు వేళ్ళు తక్కువెత్తులో వెళ్తుంది. ముందు కమ్మీకి తగులుతుంది. అనుదీప్‌కి, దేవదానానికి, సీమోనుకి, అందరికీ అదే. బాపట్లలో ఆ రోజు నేనొక్కణ్ణే కనిపెట్టాను. మనసులో సరిచేసుకుని వేశాను. పడ్డాయి. సార్ బస్సెక్కేసరికి నన్ను దేవుణ్ణి చేసేశాడు."

"అబ్బా వెల్డింగు పెట్టాడుగా?"

"అబ్బాకు చెబితే కదా పెట్టడానికి. ఆయన చూస్తే వంపు పట్టేసేవాడు. సరిచేసేవాడు. అప్పుడు అందరికీ పడేవి."

"మరి నన్నెందుకు ఆటలోకి పోనివ్వలేదు? నాకు పడవని నీకు తెలుసుగా?"

"రెండున్నర నిమిషాలుందిరా. నువ్వు నాలాంటివాడివి. రెండు తగిలితే మూడోది ఎత్తి వేసేవాడివి. ఇప్పుడైనా మూడో త్రో ఉంటే పడేది. దానికే భయపడ్డాను."

"దానికోసమా కాలు పోగొట్టుకున్నావు?"

"పోయిందిగా. ఇక ఆ వంపుతో నాకేం పని? ఇంటికెళ్ళగానే అబ్బాను పిలిచి సరిచేయిస్తాను. అందరూ వేసుకోండి. అనుదీప్ కూడా వేసుకోనీ… ఏంట్రా, అలా చూస్తున్నావు?"

"ఏం లేదు భయ్యా. బయటి ఊళ్ళలో ఎంత ఎత్తి వెయ్యాలి? చేతి వేళ్ళతోనా, మణికట్టుతోనా?"

"మణికట్టుతో. వదిలేముందు ఒక్క క్షణం ఆలస్యంగా. ఎందుకు?"

"ఇది ఇంకెవరికైనా తెలుసా?"

"ఎవరికీ తెలీదు. నాకు, ఇప్పుడు నీకు."

"అయితే అబ్బాకు చెప్పకు భయ్యా."